ఒక్క వేలికి సరిపడే మోత

"బాబు కోసమా మేడమ్?" అన్నాడు బెజవాడ షాపులో సేల్స్‌మేన్.

"కాదు, నాకే," అన్నా.

"మీకంటే... మీ బాబుకే కదా?" అని మళ్ళీ నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది. నాకసలు బాబు లేడు. ఉన్నది ఒక్కతే కూతురు, దానికి గిటారంటేనే తలనొప్పి. నలభై మూడేళ్ళ ఆడమనిషి కాటన్ చీర కట్టుకుని, చేత్తో కూరల సంచీ పట్టుకుని వచ్చి "అన్నిటికంటే ఎక్కువ గెయిన్ ఉండే డిస్టార్షన్ పెడల్ చూపించండి" అంటే అతను మాత్రం ఏమనుకుంటాడులే అని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజు మాత్రం మా ఆయన పక్కనుండి మోచెయ్యి గిల్లబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అక్కడే పెద్ద గొడవయ్యేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా జగ్గయ్యపేటలో అందరికీ తెలుసు. బెజవాడలో తెలీదు కదా.

పెడల్ అంటే కాలి దగ్గర పెట్టుకునే చిన్న ఇనప డబ్బా. గిటారు నుంచి వచ్చే శబ్దం దాంట్లోంచి వెళ్తే ఉబ్బి, గరగరలాడుతూ, ఇంతది అంతై బయటికొస్తుంది. ఎంత ఉబ్బించాలో తిప్పి పెట్టుకునే మరనే గెయిన్ అంటారు. రాక్ వాయించే కుర్రాళ్ళు కొనుక్కునే వస్తువది. నాకు రాకూ వద్దు, గీకూ వద్దు. నా ఆదివారాలు నాకు తిరిగొస్తే చాలు.

జగ్గయ్యపేటలో నాకో జిరాక్స్ షాపుంది. రెండేళ్ళ కిందట ఓ పొద్దున షట్టర్ ఎత్తుతుంటే సగం దాకా ఎక్కి, మళ్ళీ దభీమని జారింది. నూనె వేయించవే అని మా ఆయన నెల రోజులుగా చెవినిల్లు కట్టుకుని పోరుతూనే ఉన్నాడు. రేపేయిస్తాలెండి, ఎల్లుండేయిస్తాలెండి అంటూ నేనే వేయించలా. ఎడమ చేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ దాని కింద పడ్డాయి. డాక్టరు గారు పుణ్యం కట్టుకుని వేళ్ళు నిలబెట్టారు. వేళ్ళున్నాయి, వంగవు. చూసేవాళ్ళకి ఎప్పుడూ టీ కప్పు నాజూగ్గా పట్టుకున్నట్టు కనిపిస్తాను, అంతే తేడా.

అంతే అని అందరూ అన్నారు. "కుడి చెయ్యి బాగుంది కదమ్మా, జిరాక్స్ మిషన్‌కి కుడి చెయ్యి చాలు కదా" అని మా ఆడపడుచు కూడా అంది. అంతే కాదు. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా మా చర్చిలో గిటారు నాదే. పెళ్ళయి ఈ ఊరొచ్చిన రెండో నెల నుంచీ ఒక్క ఆదివారం తప్పలా. నిండు నెలల్లో కూడా పొట్ట మీద గిటారు ఆనించుకుని వాయించా. అలాంటిదాన్ని, వేళ్ళు పోయాక ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చోవాల్సొచ్చింది. పాట మొదలవగానే ఎడమ చెయ్యి ఒళ్ళో దానంతటదే కార్డ్స్ పట్టబోయేది. గిటారులో కార్డ్ అంటే మూడు నాలుగు వేళ్ళతో తీగలు ఒకేసారి అదిమితే వచ్చే స్వరాల కలగలుపు. రెండు వేళ్ళు అదిమేవి, రెండు అలా నిలబడి చూస్తుండేవి. ఏడుపొచ్చేసేది. ప్రార్థనలో కన్నీళ్ళు పెట్టుకుంటోంది, ఎంత భక్తో అనుకునేవాళ్ళు పక్కవాళ్ళు. నేనేడ్చింది భక్తితో కాదు, గిటారు కోసం. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ నిజం అదే.

మా ఆయన నందిగామ హైస్కూల్లో లెక్కల మాస్టారు. పాటా తెలీదు, తాళమూ తెలీదు. అలాంటి మనిషి ఓ సాయంత్రం ఫోను పట్టుకుని గబగబా వంటింట్లోకి వచ్చాడు. "ఇటు చూడవే, వీడెవడో ఒక్క వేలితో వాయిస్తున్నాడు." పోపు మాడిపోతోందండీ అంటూనే చూశా. నిజమే. అన్నిటికంటే లావు తీగని కాస్త వదులు చేసుకుని, ఆ పక్క రెండు తీగల్ని కూడా కలిపి ఒకే వేలితో అడ్డంగా అదిమేస్తున్నాడు. కార్డ్ వచ్చేస్తోంది. నా చూపుడు వేలు నిక్షేపంగా ఉంది కదా! పోపు మాడింది. స్టవ్ కట్టేసి మంచం కింద నుంచి గిటారు లాగా.

తీగ వదులు చేసి అదిమితే టొంగుమంది. ఖాళీ బిందె మీద గరిటెతో కొట్టినట్టుంది. మూడు తీగలు పలికితే ఏం నిండుతుంది? వీడియోలో వాడికెలా నిండిందా అని మళ్ళీ చూస్తే వాడి కాలి దగ్గర ఓ డబ్బా కనబడింది. దాన్ని నొక్కినప్పుడే ఆ మూడు తీగలూ ముప్ఫై తీగలైనంత మోత వస్తోంది. నొక్కకపోతే వాడిదీ నా బిందే. ఆ డబ్బా ఒక్కటుంటే నేను మళ్ళీ వాయించగలను. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు, సంతోషంతో.

మర్నాడే అయ్యగారి దగ్గరికెళ్ళా. మా పాస్టరు గారిని అయ్యగారంటాం. నెమ్మదస్తుడు, ఎవర్నీ గట్టిగా ఒక మాటనడు, కానీ సంఘ పెద్దలకి జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. నేను చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూడమ్మా, మన దగ్గర ముసలివాళ్ళున్నారు, చంటిపిల్లలున్నారు. ఆరాధనలో ఒక్కళ్ళు కూడా చెవులు మూసుకోకూడదు. అదొక్కటే నేనడిగేది. మూసుకున్నారో, ఇంక గిటారు మాట ఎత్తొద్దు. నువ్వు కూర్చుని పాడినా దేవుడు వింటాడు."

"సరే అయ్యగారూ," అన్నా. ఏముందిలే అనుకున్నా. అలా బెజవాడ షాపుకెళ్ళాం.

ఆ సేల్స్‌మేన్ నవ్వడం మానేశాక మంచివాడే. నాలుగు పెడల్స్ వరసగా పెట్టాడు. షాపు గిటారుని పెడల్‌కి, పెడల్‌ని నా నడుమెత్తున్న నల్ల పెట్టెకి తగిలించాడు. "దేంట్లో గెయిన్ ఎక్కువో అదివ్వండి" అన్నా. ఎంత ఎక్కువ ఉబ్బితే అంత నిండుతుందని నా లెక్క. ఎర్ర డబ్బా ఒకటి నొక్కి చూపుడు వేలితో అదిమా. అబ్బ! కాళ్ళ కింద నేల కదిలింది. నిండుగా, బరువుగా, ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు నిలబడే శబ్దం. ఒక్క వేలితో! నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు. మిగతా మూడూ ముట్టుకోను కూడా లేదు. "ఇదిచ్చెయ్యండి" అన్నా.

బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. కంచికచర్ల దాటాక మా ఆయన మెల్లిగా అన్నాడు. "శనివారం చర్చికెళ్ళి అక్కడి సౌండు బాక్సుల్లో ఓసారి పెట్టి చూసుకుంటే మంచిదేమోనే."

"ప్రార్థన కాకుండానా?" అన్నా.

మాలో కొత్త వస్తువు ఏది కొన్నా ముందు అయ్యగారి చేత ప్రార్థన చేయించాలి. బండి కొన్నా, ఫ్రిజ్జు కొన్నా, నా జిరాక్స్ మిషన్ కొన్నా అంతే. ప్రార్థన అయ్యేదాకా బండి స్టార్ట్ చెయ్యం, ఫ్రిజ్జు ప్లగ్గు పెట్టం. ఇంతకాలం తర్వాత దేవుడిచ్చిన దారిది, దీన్ని ఎంగిలి చేసినట్టు ముందే వాయించి చూస్తానా? "మీ లెక్కలు మీ బళ్ళో చూసుకోండి" అన్నా కూడా. పాపం ఆయన కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం ఆరాధన మధ్యలో అయ్యగారు డబ్బాని చేతిలోకి తీసుకుని అందరి ముందూ ప్రార్థన చేశాడు. మా సహోదరికి నువ్వు తిరిగిచ్చిన ఈ స్వరం నీ మహిమ కోసం వాడబడాలి తండ్రీ అన్నాడు. ఆమెన్ అన్నారందరూ. నాకు కళ్ళు చెమర్చాయి. డబ్బా నేల మీద పెట్టి, కేబుల్ తీసుకెళ్ళి ఎప్పట్లాగే మిక్సర్‌కి తగిలించా. మా దగ్గర ఆ నల్ల పెట్టె లేదు. పద్దెనిమిదేళ్ళూ నా గిటారు, కీబోర్డు, అయ్యగారి మైకు అన్నీ ఒకే మిక్సర్లోంచి గోడకున్న బాక్సుల్లోకే వెళ్ళేవి. అది వేరు, ఇది వేరు అని నాకు తట్టనే లేదు.

నొక్కా. ముందు సుయ్యిమంటూ ఓ హోరు. సరే అని తీగ మీటా.

ఏమని చెప్పను! రేకుల షెడ్డు మీద రంపం పెట్టి కోసినట్టు, పదివేల ఈగలు చెవిలో దూరినట్టు. కంగారుపడి చేత్తో తీగలు ఆపితే బాక్సుల్లోంచి కీమని ఇంకో కేక మొదలైంది. ఎటు తిప్పితే ఆగుతుందో తెలీదు. చంటిపిల్లలు ఒక్కసారిగా గుక్కపట్టారు. ముందు వరసలో కూర్చునే పెద్దామె రెండు చెవులూ మూసుకుని "అయ్యో నా తండ్రో!" అని అరిచింది. ఒక్కళ్ళు కాదు, చర్చి చర్చంతా చెవులు మూసుకుంది. కీబోర్డు వాయించే బ్యాంకు ఉద్యోగి లేచొచ్చి నా కేబుల్ పీకితే గానీ ఆగలా.

తల కొట్టేసినట్టయింది. ప్రార్థన చేసిన అయిదో నిమిషానికే ఇలాగా! ఆరాధన అయ్యాక పెద్దలిద్దరు అయ్యగారిని పక్కకి తీసుకెళ్ళి మాట్లాడారు. ఏం మాట్లాడారో వినక్కర్లా, మొహాలు చూస్తేనే తెలిసింది. అయ్యగారు నా దగ్గరికొచ్చి, "వచ్చే ఆదివారం ఒక్కసారి చూద్దామని వాళ్ళని ఒప్పించానమ్మా. అప్పుడు కూడా ఇలాగే అయితే మాత్రం, నువ్వే పెద్దమనసు చేసుకుని..." అని ఆగిపోయాడు. పూర్తి చెయ్యకపోయినా అర్థమైంది. ఈసారి పోతే ఇంక ఎప్పటికీ లేదు.

ఇంటికొచ్చి డబ్బా మంచం మీదకి విసిరికొట్టా. మా ఆయన "నేను చెప్పా కదా" అంటాడేమో, అంటే చూపిద్దాం తడాఖా అని కాచుకుని కూర్చున్నా. అనలా. డబ్బాని తీసి, కేబుల్ చుట్టి, సంచిలో పెట్టాడు. "శనివారం బడయ్యేటప్పటికి నువ్వు గిటారు తీసుకుని నందిగామ రా. మన చర్చికి బాక్సులమ్మిన ఆయన దగ్గరికెళ్దాం" అన్నాడు. అంతే. నాకు సిగ్గేసింది. టీ పెట్టిచ్చా.

శనివారం దాకా ఎలా గడిచిందో నాకే తెలీదు. జిరాక్స్ తీస్తూ ఒకాయన ఆధార్ కాపీ తలకిందులుగా తీశా, ఇంకొకాయనకి రెండు బదులు ఇరవై తీశా.

బాక్సులాయన షాపు నందిగామలో బజారు వెనక సందులో ఉంది. పెళ్ళికీ ఆయన బాక్సులే, మీటింగులకీ ఆయనవే, చావుకీ ఆయనవే. గళ్ళ లుంగీ, చెవిలో పెన్సిలు. జరిగిందంతా మా ఆయన చెప్తుంటే ఆయన నా మొహం చూడకుండా ఆ ఎర్ర డబ్బానే తిరగేసి మరగేసి చూశాడు.

"అమ్మా, షాపులో దేంట్లో విన్నారు?"

"ఇంత ఎత్తు నల్ల పెట్టెలో."

"అదీ సంగతి. అది గిటారు కోసమే చేసిన పెట్టె. సన్న శబ్దాలు, కీచు శబ్దాలు దాని స్పీకరు పలకదు, మింగేస్తది. మన బాక్సులో పైన ఆ సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకరు, ట్వీటరుంది చూశారా? ఇది దేన్నీ మింగదు. మీరిచ్చిందంతా మొహానే కక్కుద్ది. అందుకని ఆ మింగే పని కూడా చేసే పెడల్ కావాలి మీకు. ఇంకోటి, గెయిన్ ఎంతలో పెట్టారు?"

"మొత్తం."

ఆయన పెన్సిలు తీసి చెవి గోక్కున్నాడు. "మొత్తమెందుకమ్మా, కొండలు పేల్చడానికా?"

ఇంకోరోజైతే దెబ్బలాడేదాన్ని. ఆ రోజు నోరు మూసుకున్నా. తప్పు నాది, అవసరం నాది.

మా చర్చిలో ఉన్నలాంటి బాక్సే ఒకటి వాకిట్లో పెట్టాడు. ఆర్కెస్ట్రాల వాళ్ళు తన దగ్గర వదిలేసిపోయిన పెడల్స్ రెండు తెచ్చి నా ఎర్రదాని పక్కన పెట్టాడు. "నేను రోడ్డవతలికెళ్ళి నిలబడతా. మీరు వాయిస్తూ పాడండి. పాడకుండా వాయిస్తే నాకేం తెలీదు. పాటలో మాటలు నా దాకా వస్తే అది పాసు, రాకపోతే ఫెయిలు" అని లుంగీ ఎగ్గట్టుకుని రోడ్డు దాటాడు.

నడిరోడ్డు మీద పాడ్డమా అని ఒక్క క్షణం జంకా. మళ్ళీ ఆదివారం గుర్తొచ్చింది. పాడా.

నా ఎర్రదాన్ని గెయిన్ సగానికి తగ్గించి వాయిస్తే రంపం కాస్తా తేనెటీగలైంది, అంతకంటే బాగుపడలా. అవతల నుంచి చెయ్యి అడ్డంగా ఊపాడు. రెండోది గెయిన్ బాగానే ఉంది గానీ నోట్లో బట్ట కుక్కినట్టు అంతా గుడగుడ, నా గొంతు నాకే వినపడలా. మళ్ళీ చెయ్యి అడ్డంగా ఊపాడు.  మిగిలింది ఒక్కటే. అక్షరాలు కూడా అరిగిపోయి, ఒక మూల సొట్టపడి ఉంది. ఆయన రోడ్డు దాటొచ్చి దాని వెనక చిన్న మీట ఒకటి పైకి జరిపాడు. "ఇది ఆ నల్ల పెట్టె చేసే పని చేస్తది. గెయిన్ ఇంతకి మించి తిప్పకండి" అని సగానికి కాస్త పైన ఆపి, మళ్ళీ వెళ్ళిపోయాడు.

నొక్కా. హోరు రాలా. చూపుడు వేలితో అదిమి మీటా. షాపులో విన్నంత పెద్దది కాదు. నేలేం కదల్లా. కానీ నిండుగా ఉంది. నా గొంతు కింద చాప పరిచినట్టు మెత్తగా, తెగకుండా, నేను ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తుకునేదాకా నిలబడే ఉంది. కళ్ళు మూసుకుని ఒక చరణం మొత్తం పాడేశా. కళ్ళు తెరిస్తే అవతల బాక్సులాయన చెయ్యి ఊపడం మర్చిపోయి నిలబడి ఉన్నాడు. ఆయన పక్కనే తోపుడుబండి మీద జామకాయలమ్మే ఆవిడ కూడా. మా ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుంటున్నాడు. నేను మాత్రం బాక్సు మీద తల పెట్టి బావురుమన్నా. రెండేళ్ళ ఏడుపు ఆ వాకిట్లోనే అయిపోయింది.

నా కొత్తది ఆయనకిచ్చి పాతది తీసుకునేటట్టు మాట్లాడుకున్నాం. అంతలో నాకో అనుమానం. "ప్రార్థన చేయించింది కదండీ, ఇచ్చేస్తే తప్పేమో?" మా ఆయన నెత్తి కొట్టుకుని అయ్యగారికి ఫోన్ కలిపిచ్చాడు.

"ప్రార్థన చేయించిన బళ్ళు జనం అమ్ముకోవట్లేదా అమ్మా? మార్చుకో," అన్నాడు అయ్యగారు. "ఈసారి మాత్రం ముందు చర్చికొచ్చి వాయించి చూడు. ప్రార్థన తర్వాత చేస్తా" అన్నాడు. ఫోన్లో ఆయన నవ్వాడని నాకనుమానం.

బస్సు దిగి నేరుగా చర్చికే వెళ్ళాం. ఖాళీ చర్చిలో వాయించి చూశా, ఆఖరి గోడ దగ్గర నిలబడి మా ఆయన మాటలు వినపడుతున్నాయని తలూపాడు. అయినా ఆదివారం పొద్దున కేబుల్ రెండుసార్లు పీకి మళ్ళీ తగిలించా. ఖాళీ చర్చి వేరు, జనం వేరు. నేను గిటారు తగిలించుకోవడం చూసి ముందు వరస పెద్దామె కొంగు చెవుల మీదికి లాక్కుంది. పెద్దలిద్దరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒక్క పాటకే ఒప్పుకున్నారు నాకు.

ఆ ఒక్క పాటా వాయించా. మొదటి చరణం వాళ్ళ మొహాలు చూడకుండా నా వేలు చూసుకుంటూ వాయించా. రెండో చరణానికి ధైర్యం చేసి తలెత్తితే, పెద్దామె కొంగు భుజం మీదికి జారిపోయి ఉంది, ఆమె చప్పట్లు కొడుతూ పాడుతోంది. చెవుల మీద ఒక్క చెయ్యి లేదు. ఎవరూ నా వైపు చూడను కూడా లేదు. పాట అయ్యాక డబ్బా కట్టేసి, గిటారు తీసి పక్కన పెట్టబోయా.

అప్పుడు అయ్యగారు ప్రసంగం మధ్యలో, ముందు చెప్పకుండా, తన గొంతుకి తోచిన శ్రుతిలో ఓ పాట ఎత్తుకున్నాడు. ఆయనకది అలవాటే. ఏ శ్రుతిలో మొదలెడతాడో ఆయనకే తెలీదు, వాయించేవాళ్ళు వెనక పరిగెత్తి పట్టుకోవాలి. నాకు దెబ్బ తగిలాక ఈ రెండేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా అలా ఎత్తుకోలేదు. అది నాకు ఆ నిమిషం దాకా తట్టలా. గబుక్కున డబ్బా నొక్కి, చూపుడు వేలితో తీగ మీద ఒక మెట్టు, ఇంకో మెట్టు వెతుక్కుంటూ వెళ్ళా. మూడో మెట్టు దగ్గర దొరికాడు. పట్టుకున్నా. ఆయన వెనక్కి తిరిగి చూడలా. నేనున్నాననే ధీమాతో రెండో చరణంలోకి వెళ్ళిపోయాడు. "హమ్మయ్యా" అనుకున్నా. పైకే అన్నట్టున్నా, కీబోర్డు ఆయన నవ్వి శ్రుతి ఏదని కళ్ళతోనే అడిగితే, నా వేలు చూపించా.